యువరాజు పరుగు ఎవరిది?

పోయిన నెల ఓ పాఠకురాలికి జవాబిస్తూ, "యానిమేషన్‌లో నా మొదటి పాఠం తెనాలిలో, ఓ కంప్యూటర్ సెంటర్‌లో, ప్రిన్స్ ఆట ఆడుతూ నేర్చుకున్నాను" అని ఒక్క వాక్యం రాశాను. ఆ ఒక్క వాక్యానికి వచ్చినన్ని ఉత్తరాలు ఈ ఏడాదిలో దేనికీ రాలేదు. మా వయసువాళ్ళ గుండెల్లో ఆ తెల్ల బట్టల యువరాజు ఇంకా పరిగెడుతూనే ఉన్నాడని అర్థమైంది. అందుకని ఈ నెల పేజీ మొత్తం ఆ ఆటకూ, దాన్ని చేసిన మనిషికీ ఇచ్చేస్తున్నాను. మిగతా ప్రశ్నలు పంపినవాళ్ళు వచ్చే నెల దాకా ఓపిక పట్టాలి.

ప్రశ్న: *మేడమ్, నేనూ 1996లో డాస్, లోటస్ నేర్చుకుంటూ ఆ ఆట ఆడినవాణ్ణే. కోట, ఇనుప గేట్లు, నేలలోంచి లేచే ముళ్ళు ఇప్పటికీ కళ్ళముందు ఉన్నాయి. దాన్ని ఎవరు చేశారో మాత్రం ఇన్నేళ్ళుగా తెలీదు. మా అబ్బాయి జపాన్‌వాళ్ళ ఆట అంటాడు. నిజమేనా?*
— ప్రభుత్వ ఉపాధ్యాయుడు, భీమవరం

కాదండీ. అది అమెరికాలో పుట్టిన ఆట. పూర్తి పేరు ప్రిన్స్ ఆఫ్ పర్షియా. చేసినాయన జోర్డన్ మెక్నర్. 1964లో న్యూయార్క్‌లో పుట్టాడు. ఆట మొదట 1989 అక్టోబర్‌లో ఆపిల్ టూ కంప్యూటర్ మీద వచ్చింది. మనం ఆడిన డాస్ వెర్షన్, అంటే ఆనాటి మామూలు పీసీల మీద నడిచేది, ఆ మరుసటి ఏడాదిది. ప్రోగ్రాం రాసిందీ, కథ అల్లిందీ, బొమ్మలు కదిలించిందీ అన్నీ ఆయనే. సంగీతం వాళ్ళ నాన్నగారు ఫ్రాన్సిస్ మెక్నర్‌ది. ఆ నాన్నగారు వృత్తిరీత్యా మనస్తత్వ శాస్త్రవేత్త, పుట్టింది వియన్నాలో. నాజీల బారి నుంచి తప్పించుకుని వచ్చిన యూదు కుటుంబం వాళ్ళది.

మీ ఉత్తరం చదువుతుంటే మా సెంటర్ గుర్తొచ్చింది. ఒక్కో కంప్యూటర్‌కు ఇద్దరం. నలుపు తెలుపు మానిటర్లు. ప్రాక్టికల్ టైమ్‌లో చివరి పావుగంట, సార్ బయటికి టీకి వెళ్ళినప్పుడు, ఎవరో ఒకరు చొక్కా జేబులోంచి ఫ్లాపీ తీసేవారు. సి ప్రాంప్ట్ దగ్గర 'ప్రిన్స్' అని కొట్టి, పక్కనే 'మెగాహిట్' అని కూడా కొడితే లెవెళ్ళు దాటేయొచ్చని ఎవరు కనిపెట్టారో గానీ ఆ రహస్యం ఊరూరా తెలుసు. ఆడపిల్లలకు కీబోర్డ్ అందేసరికి సార్ రానే వచ్చేవారు. అందుకని నేను ఆడినదానికంటే చూసిందే ఎక్కువ.

చూడడమే మంచిదైంది. అప్పటిదాకా నేను చూసిన ఆటల్లో మనుషులు గోడ మీద అంటించిన బొమ్మల్లా పక్కకి జరిగేవారు. కీ వదిలితే టక్కున ఆగేవారు. ఈ యువరాజు అలా ఆగడు. పరుగులో ఉండగా కీ వదిలితే ఇంకో అడుగు పడుతుంది, ఒళ్ళు వెనక్కి వాలుతుంది, అప్పుడు నిలబడతాడు. ఆ అడుగు గోతి అంచు దాటి పడిందా, పోయాడే. షిఫ్ట్ కీ పట్టుకుని నడిపిస్తే మునివేళ్ళ మీద, గుండె బిగబట్టినట్టు ఒక్కొక్క అడుగే వేస్తాడు. అంచు పట్టుకుని వేలాడితే ముందు చేతులు సాగుతాయి, ఆ తర్వాతే ఒళ్ళు పైకి లేస్తుంది. ఆ మనిషికి బరువుంది. ఆ బరువు ఎక్కణ్ణుంచి వచ్చిందో కింది ఉత్తరంలో చెబుతాను.

ప్రశ్న: *అక్కా, ఆ గేమ్ డిజైనర్ సినిమా పిచ్చివాడని, కత్తియుద్ధం ఏదో పాత సినిమాలోంచి తీసుకున్నాడని ఎక్కడో చదివాను. సినిమా ప్రభావం అంటే మధ్యమధ్యలో వీడియో ముక్కలు పెట్టడమే కదా? నలుపు తెలుపు ఆటలో సినిమా ఎక్కడుంది?*
— డిగ్రీ విద్యార్థి, వరంగల్

తమ్ముడూ, నీ ప్రశ్నకు కాస్త ఎక్కువ చోటు తీసుకుంటాను. నేను ఇన్నాళ్ళుగా క్లాసులో చెబుతూ వచ్చింది ఇదే.

మెక్నర్ యేల్ యూనివర్సిటీలో చదువుతూ, హాస్టల్ గదిలో మొదటి పెద్ద ఆట చేశాడు. పేరు కరటేకా. 1984లో వచ్చింది. తెల్ల కరాటే బట్టలు వేసుకున్న కుర్రాడు, కోటలో బందీగా ఉన్న మారికో రాకుమారిని విడిపించాలి. అంతే కథ. ఆ రోజుల్లో ఆయన సినిమా క్లాసులకు వెళ్తున్నాడు. జపాన్ దర్శకుడు కురోసావా తీసిన సమురాయ్ సినిమాలు, మాటలు లేని పాత మూకీలు వరసపెట్టి చూస్తున్నాడు. వాటిల్లో ఆయనకు దొరికింది కట్. నువ్వు ఇక్కడ గార్డుతో పోరాడుతుంటావు. ఉన్నట్టుండి తెర మారుతుంది. లోపల సింహాసనం ముందు విలన్ అకుమా చెయ్యి చాపి ఇంకో గార్డును పంపిస్తుంటాడు. మళ్ళీ కట్, నీ దగ్గరికి. ఇంకోసారి కట్, గదిలో తలవంచుకుని కూర్చున్న మారికో. ఒక్క మాట లేదు. వాడొస్తున్నాడని నీకు తెలుసు, ఎప్పుడు ఎదురుపడతాడో తెలీదు. మన జానపద సినిమాల్లో కాంతారావు గుర్రం మీద వస్తుంటే, అక్కడ రాజనాల రాకుమారిని బలవంతపెడుతుంటే, హాల్లో మన నానమ్మలు కుర్చీ అంచుకు జరిగేవారు చూడు, అదే కిటుకు. వీడియో ఆటలో ఇలాంటి కట్టింగ్ అప్పటికి చాలా కొత్త.

ఇంకొకటి కదలిక. కరటేకా కోసం ఓ కరాటే మాస్టారిని సూపర్ 8 అనే చిన్న సైజు ఫిల్ము మీద తీశాడు. కొన్నిటికి వాళ్ళ నాన్నగారికే కరాటే బట్టలు తొడిగాడు. ఆ ఫిల్మును ఒక్కొక్క ఫ్రేమే ఆపి, కాగితం మీద గీతలు గీసి, ఆ గీతల్ని కంప్యూటర్లోకి ఎక్కించాడు. దీన్ని రోటోస్కోపింగ్ అంటారు. మాక్స్ ఫ్లైషర్ అనే కార్టూన్ నిర్మాత 1917లో పేటెంట్ పొందిన పద్ధతి. డిస్నీ వాళ్ళు తమ మొదటి పూర్తి నిడివి కార్టూన్ చిత్రానికి కొంతమేర వాడారు. ఆటల్లోకి ఇంత శ్రద్ధగా తెచ్చినవాడు మెక్నర్.

ఇక ప్రిన్స్. 1985 అక్టోబర్‌లో న్యూయార్క్ శివార్లలో ఓ కారు పార్కింగ్ స్థలంలో తన తమ్ముడు డేవిడ్‌కు తెల్ల బట్టలు వేసి నిలబెట్టాడు. పరిగెత్తు, ఆగు, వెనక్కి తిరుగు, దూకు, గోడ పట్టుకుని వేలాడు అంటూ తీశాడు. ఆ వీడియో ఇప్పుడు నెట్‌లో ఎవరైనా చూడొచ్చు. సన్నగా పొడుగ్గా ఓ టీనేజీ కుర్రాడు ఖాళీ పార్కింగ్‌లో దూకుతుంటాడు. నేను మొదటిసారి చూసినప్పుడు ఒళ్ళు జలదరించింది. ముఖం ఎప్పుడూ చూడలేదు, ఆ పరుగును మాత్రం నేను తెనాలి నుంచి ఎరుగుదును.

వీడియో తీసెయ్యగానే పని అయిపోలేదు. చీకటి గదిలో టీవీ మీద టేపు ఆపి, తెరను 35 ఎంఎం కెమెరాతో ఫొటో తీయాలి. ఆ ఫొటోలు కడిగించి తేవాలి. ప్రతి ఫొటో మీద మనిషి ఆకారం మిగిలేలా నల్ల మార్కర్‌తో, వైట్నర్‌తో దిద్దాలి. దాన్ని జిరాక్స్ తీయాలి. అప్పుడు కంప్యూటర్‌కు తగిలించిన కెమెరాతో లోపలికి లాగాలి. ఆ తర్వాత ఒక్కో చుక్కా చేత్తో సరిచేసుకోవాలి. ఒక్క దూకుడుకు ఇదంతా. ఇప్పుడు మా పిల్లలు ఫోన్‌తో ఒక మధ్యాహ్నంలో చేసేస్తారు. ఆయనకు నెలలు పట్టింది.

నువ్వు విన్న కత్తియుద్ధం సంగతి నిజమే. 1938లో ఎరోల్ ఫ్లిన్ వేసిన రాబిన్ హుడ్ సినిమా చివర్లో ఫ్లిన్‌కూ బాసిల్ రాత్‌బోన్‌కూ పెద్ద పోరాటం ఉంది. ఆటలో మనం మనుషుల్ని పక్కనుంచి చూస్తాం. సినిమాలో కెమెరా ఎప్పుడూ అలా ఉండదు, తిరుగుతుంది, ఓ మనిషి వీపు మీదికి వెళ్తుంది, నీడ మీదికి వెళ్తుంది. టేపు తిప్పి తిప్పి చూస్తే, ఇద్దరూ సరిగ్గా పక్కనుంచి, ఎదురెదురుగా కనిపించే చోటు ఆరు సెకన్లు దొరికింది. ఆ ఆరు సెకన్ల నుంచే ఆటలో మనం ఆడిన కత్తియుద్ధం మొత్తం వచ్చింది. ముందుకు పొడవడం, కాచుకోవడం, ఓ అడుగు వెనక్కి.

కోట నిర్మాణానికి మాత్రం ఆయన ఎదురుగా పెట్టుకున్నది 1981 నాటి ఇండియానా జోన్స్ సినిమాలో మొదటి పది నిమిషాలు. గుహలోకి దూరడం, కాలు పెడితే ముళ్ళు, కింద అగాధం, దూకితే అందీ అందని అంచు, మూసుకుపోతున్న రాతి తలుపు. మామూలు మనిషి, దెబ్బ తగిలితే చచ్చిపోయే మనిషి, ఆ క్షణానికి బతికి బయటపడాలి. చూస్తున్నవాడి అరచేతులు చెమట పట్టాలి. అంత చెమట పట్టాలంటే ఆ మనిషి నిజమని నమ్మాలి, నమ్మాలంటే వాడికి బరువుండాలి. అందుకే తమ్ముణ్ణి దూకించాడు. వీడియో ముక్కలు అన్నావే, అవి ఎవరైనా పెట్టొచ్చు తమ్ముడూ. ఇక్కడ సినిమా నీ వేలి కింద, బాణం గుర్తు కీలో ఉంది.

ప్రశ్న: *నేను ఫైన్ ఆర్ట్స్ చదువుతున్నాను. వీడియో మీద గీత గీస్తే అది కాపీయే కదా? మా సీనియర్లు రోటోస్కోపింగ్ చేసేవాళ్ళను బొమ్మలు రానివాళ్ళంటారు.*
— విద్యార్థిని, హైదరాబాద్

తల్లీ, మా క్లాసులో మొదటి వారం పిల్లల్ని కారిడార్‌లోకి తీసుకెళ్ళి ఒకర్ని పరిగెత్తమంటాను, ఇంకొకర్ని ఫోన్‌లో తీయమంటాను. ఆ రెండు సెకన్లలోంచి ఎనిమిది ఫ్రేములు ఎంచుకుని రండి, ఎనిమిదే, అంటాను. మర్నాడు అందరివీ ఆడిస్తే సగం పరుగులు కుంటుతాయి. ఒకే వీడియో, ఒకే మనిషి. కాలు నేలకు తగిలిన ఫ్రేమును పారేసి, గాల్లో అందంగా ఉన్నదాన్ని ఉంచుకున్నవాళ్ళ పరుగు తేలిపోతుంది. ఎంచుకోవడంలోనే కళ ఉంది. మెక్నర్ దగ్గరున్న కంప్యూటర్‌లో నాలుగు వేళ్ళ మందాన మనిషి బొమ్మకు ఎన్ని చుక్కలు పడతాయో ఓసారి ఊహించు. ముక్కు లేదు, కళ్ళు లేవు. ఏ చుక్క ఉంచాలి, ఏది తీసెయ్యాలి అన్నది ఏ వీడియో చెప్పదు. మీ సీనియర్లను ఓ రోజు మా కారిడార్‌కు పంపించు.

ప్రశ్న: *ప్రిన్స్ ఆటలో నీడ మనిషిని ఎలా చంపాలి? 12వ లెవెల్లో ఇరవైసార్లు చచ్చాను.*
— తొమ్మిదో తరగతి, కడప

చంపకు బాబూ. వాణ్ణి పొడిస్తే నీ ప్రాణమే తగ్గుతుంది, గమనించావా? కత్తి ఒరలో పెట్టేసి, నేరుగా వాడి మీదికి నడువు. ఇద్దరూ కలిసిపోతారు. తర్వాత ఎదురుగా గోతి కనబడుతుంది, భయపడకుండా పరిగెత్తు, కాళ్ళ కింద నేల దానంతటదే వస్తుంది.

ఆ నీడ మనిషి ఎలా పుట్టాడో కూడా చెప్పాలి. మెక్నర్ మొదట అనుకున్న ఆటలో పోరాటం లేదు. తోటి ఉద్యోగి టోమీ పియర్స్ అనే ఆవిడ, పోరాటం లేకపోతే బాగోదని వెంటపడింది. కానీ కంప్యూటర్ మెమరీ నిండిపోయింది. 128 కిలోబైట్లలో యువరాజు బొమ్మలే చాలా చోటు తినేశాయి, శత్రువు బొమ్మలకు చోటు లేదు. అప్పుడు యువరాజు బొమ్మనే తీసుకుని, ఓ చుక్క పక్కకు జరిపి, దాని మీదే వేశాడు. ఒకటీ ఒకటీ కలిసినచోట సున్నా అయ్యే చిన్న గణితం అది. మిణుకుమిణుకుమనే అంచులు తప్ప లోపలేమీ లేని మనిషి వచ్చాడు. అదనంగా ఒక్క బొమ్మ కూడా పట్టలేదు. నాలుగో లెవెల్లో అద్దంలోకి దూకినప్పుడు అవతల నుంచి వాడు బయటికి వస్తాడు కదా? ఐదో లెవెల్లో నీ మందు తాగేస్తాడు, ఆరులో నీ ముందే గేటు మూసేస్తాడు. చోటు చాలక పుట్టినవాడే ఆ ఆటలో అందరికంటే గుర్తుండిపోయాడు. ఆ తర్వాత మిగతా సైనికులకూ ఎలాగోలా చోటు చేశాడనుకో.

ప్రశ్న: *అమ్మా, మా అబ్బాయి ఇంజనీరింగ్ మూడో ఏడాది. సినిమాలు చూడడం, గేములు ఆడడం, ఏదో స్క్రిప్టు రాస్తున్నానని తలుపు వేసుకోవడం. చదువు మానేసి గేమ్ డిజైనర్ అవుతానంటున్నాడు. మీరు పొగిడే ఆ మెక్నర్ గారి పేరే చెబుతున్నాడు. ఏమి చెయ్యను?*
— గృహిణి, కరీంనగర్

అమ్మా, మీ బాధ నాకు తెలుసు. మా ఇంట్లో నన్ను చూసి మా అమ్మ పడిన బాధే ఇది. మీ అబ్బాయి ఆయన పేరు చెబుతున్నాడు గనక, ఆయన ఏమి చేశాడో మీ ఇద్దరికీ కలిపి చెబుతాను.

ఆయన చదువు మానలేదు. 1985లో యేల్ నుంచి సైకాలజీ డిగ్రీ తీసుకునే బయటికి వచ్చాడు. కరటేకా అప్పటికే అమెరికాలో అమ్మకాల జాబితాలో మొదటి స్థానానికి ఎక్కింది. అంతకుముందు చేసిన ఓ ఆటను మాత్రం బ్రోడర్‌బండ్ అనే కాలిఫోర్నియా కంపెనీ తిప్పి పంపింది. దాని అధినేత డగ్ కార్ల్‌స్టన్, కుర్రాణ్ణి నిరాశపరచకుండా, తమ కంపెనీ కొత్త ఆట ఒకటి పంపి, ఇలాంటిది చూడు అన్నాడు. ఆ ఆట పేరు చాప్‌లిఫ్టర్. దాంట్లో హెలికాప్టర్‌కు కూడా బరువుంటుంది, గాల్లో ఊగుతుంది. తన ఆటలో ఏమి లేదో కుర్రాడికి అక్కడ తెలిసింది.

తర్వాత ఆయనా ఊగిసలాడాడు. ప్రిన్స్ మొదలుపెట్టి, మధ్యలో వదిలేసి, సినిమా కథ రాయడానికి కూర్చున్నాడు. హాలీవుడ్ చుట్టూ తిరిగాడు. ఆ స్క్రిప్టు సినిమా కాలేదు. ఆట నెలల తరబడి అలాగే పడి ఉంది. తిరిగొచ్చి పూర్తి చేసేసరికి ఆపిల్ టూ కంప్యూటర్ రోజులే అయిపోవచ్చాయి. నాలుగేళ్ళు కష్టపడి చేసిన ఆట విడుదలైతే మొదట్లో పెద్దగా ఎవరూ కొనలేదు. డాస్‌లోకి, మిగతా కంప్యూటర్లలోకి, జపాన్, యూరప్‌లకు వెళ్ళాక నిలబడింది. ఈ సంగతులన్నీ మనకు తెలుస్తున్నాయంటే, ఆయన అప్పట్లో రోజూ డైరీ రాసుకున్నాడు గనకే. ఆ డైరీలు పుస్తకాలుగా వచ్చాయి. మీ అబ్బాయిని చదవమనండి. ఇవాళ గొప్పగా ఉంది అని ఒక పేజీలో, అంతా తప్పుచేశానేమో అని రెండు పేజీల తర్వాత. ఇరవై రెండేళ్ళవాడి మనసు అచ్చంగా ఉంటుంది.

నా మాట అడిగారు గనక: డిగ్రీ పూర్తిచేయమనండి, ఇంకో ఏడాదే కదా. ఈలోగా తలుపు తీసి, ఒకే ఒక్క గది ఉన్న ఆట, ఒక మనిషి, ఒక తలుపు, ఒక తాళంచెవి, చేసి మీ చేతికి కీబోర్డ్ ఇవ్వమనండి. మీరే ఆడండి. మీరు రెండోసారి ఆడాలని అనుకుంటే నాకు మళ్ళీ రాయండి. అప్పుడు వాడితో నేను మాట్లాడతాను.

ప్రశ్న: *నేను డాలస్‌లో ఉంటాను. మెక్నర్ ఆటల్లో నాకు బాగా ఇష్టమైంది రైలు ఆట. ఎవరికి చెప్పినా పేరే విన్లేదంటారు. అంత మంచి ఆట ఎందుకు పోయిందండీ?*
— సాఫ్ట్‌వేర్ ఇంజనీర్

మీ ఉత్తరం చూసి నాకెంత సంతోషమైందో చెప్పలేను. ద లాస్ట్ ఎక్స్‌ప్రెస్. 1997.

ఆడనివాళ్ళ కోసం: 1914 జూలై 24 సాయంత్రం పారిస్ నుంచి కాన్‌స్టాంటినోపుల్ వెళ్ళే ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ బయల్దేరుతుంది. ఇంకో వారంలో మొదటి ప్రపంచ యుద్ధం. రైల్లో సెర్బులు, రష్యన్లు, జర్మన్లు, ఫ్రెంచివాళ్ళు, ఆస్ట్రియన్లు. మన పాత్ర రాబర్ట్ కాత్ అనే అమెరికన్ డాక్టర్, తన స్నేహితుణ్ణి కలుసుకోవడానికి ఎక్కుతాడు. పెట్టెలోకి వెళ్ళి చూస్తే స్నేహితుడు శవమై ఉంటాడు.

దీంట్లో గొప్ప సంగతి గడియారం. రైలు మన కోసం ఆగదు. డైనింగ్ కారులో ఇద్దరు మాట్లాడుకుంటుంటే, నువ్వక్కడ ఉంటే వింటావు, లేకపోతే ఆ మాటలు పోతాయి. నడవాలో ఎవరో పక్కనుంచి తప్పుకుని వెళ్తారు, వాళ్ళ పని మీద వాళ్ళు. ఎవరి భాష వాళ్ళు మాట్లాడతారు, కాత్‌కు వచ్చిన భాషకే కింద అక్షరాలు పడతాయి. మనం రైల్లో ఎన్నిసార్లు పక్క బెర్తువాళ్ళ మాటలు విని సగం కథ అల్లుకోలేదు? అదే ఆట ఇది. పొరపాటు జరిగితే గడియారాన్ని వెనక్కి తిప్పుకోవచ్చు.

నటుల్ని నీలం తెర ముందు చిత్రీకరించి, ఆ ఫ్రేముల్ని ఆ కాలపు ఆర్ట్ నూవో పోస్టర్ల తరహా, తీగల్లా వంపులు తిరిగే గీతల్లోకి మార్చారు. తమ్ముడితో మొదలైన పద్ధతి ఇక్కడికి ఓ సినిమా యూనిట్ అంత అయింది. శాన్ ఫ్రాన్సిస్కోలో స్మోకింగ్ కార్ అని సొంత సంస్థ పెట్టి, టోమీ పియర్స్‌తో కలిసి రాసి, 50 లక్షల డాలర్లు దాటి ఖర్చు పెట్టాడు. మెచ్చుకోని విమర్శకుడు లేడు. కానీ విడుదలకు కొన్ని వారాల ముందు ప్రచురణ సంస్థలో మార్కెటింగ్ విభాగం వాళ్ళు వెళ్ళిపోయారు. ప్రకటనలు లేవు. ఆట వచ్చినట్టు చాలామందికి తెలియనే తెలీలేదు. సంస్థ మూతపడింది. నాకు ఇప్పటికీ బాధే. తర్వాత ఫోన్ల మీదకు కూడా వచ్చింది. ఎక్కడైనా దొరికితే, పాఠకుల్లో డిటెక్టివ్ నవలలు ఇష్టపడేవాళ్ళంతా ఓసారి ఆ రైలెక్కాలని నా కోరిక.

ప్రశ్న: *2010లో వచ్చిన ప్రిన్స్ సినిమా కూడా ఆయన తీసిందేనా? తర్వాత ఆయన ఏమయ్యాడు?*
— బ్యాంకు ఉద్యోగి, విజయవాడ

దర్శకుడు ఆయన కాదు, మైక్ న్యూవెల్. నిర్మాత జెర్రీ బ్రుక్‌హైమర్, డిస్నీ సంస్థకు. కథ మాత్రం మెక్నర్‌దే, స్క్రిప్టు తొలి ప్రతి కూడా ఆయనే రాశాడు. ఆ సినిమాకు మూలం 2003లో యూబీసాఫ్ట్ అనే ఆటల కంపెనీ మాంట్రియల్ స్టూడియోలో ఆయన కథ రాసిన శాండ్స్ ఆఫ్ టైమ్ అనే ఆట. నిజం చెప్పాలంటే సినిమా కంటే ఆట నాలుగింతలు బాగుంటుంది. దాంట్లో యువరాజే తన కథ చెబుతుంటాడు, అరేబియన్ రాత్రుల్లో షెహరజాద్‌లాగా. మనం పొరపాటున గోతిలో పడి చచ్చామనుకోండి, 'కాదు కాదు, అలా జరగలేదు' అన్నట్టుగా ఆయన గొంతు వినిపిస్తుంది, కథ కాస్త వెనక్కి వెళ్ళి మళ్ళీ మొదలవుతుంది. కథ చెప్పేవాడి నోరు జారడంగా చావును మార్చేశాడు. రైల్లో గడియారం వెనక్కి తిప్పిన మనిషి కదా.

మధ్యలో డాక్యుమెంటరీలూ తీశాడు. 2003 నాటి చావెజ్ రవీన్ అనేది లాస్ ఏంజెలస్‌లో బేస్‌బాల్ స్టేడియం లేచిన చోట అంతకుముందు బతికిన మెక్సికన్ కుటుంబాల గురించి. పాత ఫొటోలు, మిగిలిన మనుషుల మాటలు. పులిచింతల, మల్లన్నసాగర్ ముంపు ఊళ్ళ నుంచి కదిలివచ్చినవాళ్ళు చూస్తే కన్నీళ్ళు ఆగవు. ఇప్పుడు ఆయన ఫ్రాన్స్‌లో ఉంటూ బొమ్మల నవలలు రాస్తున్నాడు, గీస్తున్నాడు. అందులో ఒకటి తాతా, నాన్నా, తానూ, మూడు తరాల వలసల గురించి.

ఒక్క సంగతి రాయకుండా ఉండలేను. ప్రిన్స్ అసలు ప్రోగ్రాం ఉన్న ఫ్లాపీలు ఏళ్ళ తరబడి కనిపించలేదు. 2012లో వాళ్ళ నాన్నగారు ఇల్లు సర్దుతుంటే అల్మారాలో ఓ అట్టపెట్టె దొరికింది. పాత డిస్కుల నుంచి సమాచారం బయటికి లాగడం తెలిసిన ఇద్దరు వచ్చి, ఒక రోజంతా కూర్చుని చదివించారు. ఆయన ఆ ప్రోగ్రాం మొత్తాన్ని నెట్‌లో అందరికీ తెరిచిపెట్టాడు. మీ ఇంట్లో అటక మీద నాన్నగారి పెట్టెలేమైనా ఉంటే ఈ ఆదివారం దించి చూడండి.

ప్రశ్న: *మేడమ్, మీ మాట విని మా అమ్మాయి కరటేకా సంపాదించి ఆడింది. గార్డులందర్నీ, గద్దనూ, అకుమానూ ఓడించింది. చివరికి రాకుమారి గదిలోకి వెళ్తే ఆ పిల్ల ఒక్క తన్ను తన్ని చంపేసింది! ఆటలో తప్పుందా?*
— మెడికల్ షాపు యజమాని, ఒంగోలు

తప్పేం లేదండీ, మీ అమ్మాయి ఒక్కర్తే కాదు, 1984 నుంచీ లెక్కలేనంతమంది అలాగే చచ్చారు. పోరాడీ పోరాడీ మీ అమ్మాయి పిడికిళ్ళు బిగించిన భంగిమలోనే గదిలోకి వెళ్ళి ఉంటుంది. మారికో అన్నాళ్ళు బందీగా ఉంది. పిడికిళ్ళు బిగించి మీదికొస్తున్నవాడు ఎవడని అనుకుంటుంది?

అకుమాను ఓడించగానే భంగిమ వదిలి మామూలుగా నిలబడమనండి. తర్వాత చేతులు దించి పరిగెత్తుకుంటూ లోపలికి వెళ్ళమనండి. ఆ పిల్లే ఎదురొచ్చి కౌగిలించుకుంటుంది.